ఇరవై ఏడో పాఠం చూసే మనిషి

నన్ను మా ఇంట్లో అనుమానప్పక్షి అంటారు. మొదట మా ఆయన మొదలుపెట్టాడు, తర్వాత మా అమ్మాయి అందుకుంది, ఇప్పుడు వీధిలో వాళ్లకీ అలవాటైపోయింది. అననివ్వండి. వాచీలు బాగుచేసే మనిషికి అనుమానం లేకపోతే పనే సాగదు. ఆగిపోయిన వాచీ తెచ్చిన ప్రతివాడూ "నిన్నటిదాకా లక్షణంగా నడిచిందండీ, దానంతటదే ఆగిపోయింది" అంటాడు. దానంతటదే ఏదీ ఆగదు. నీళ్లలో ముంచైనా ఉంటాడు, కూరగాయల కత్తితో మూత ఊడదీసి కెలికైనా ఉంటాడు. వాచీ చేతిలోకి తీసుకుని మాట్లాడకుండా కాసేపు కూర్చుంటే చాలు, "మా బావమరిది ఏదో చేసినట్టున్నాడండీ" అని నిజం దానంతటదే బయటికొస్తుంది.

కొట్టు మా మామయ్యది, అంటే మా ఆయన తండ్రిది. కిటికీ పక్కనున్న బల్ల ముందు ఆయన యాభై ఏళ్లుగా కూర్చుంటున్నారు. కొడుక్కి ఆ విద్య అబ్బలేదు, బస్సు నడుపుతాడు. కోడలిగా వచ్చిన నాకు అబ్బింది. మామయ్య మాటలతో నేర్పే మనిషి కాదు. చేసి చూపిస్తారు, అడిగితే ఒక్క ముక్క చెబుతారు. ఆ ముక్కలన్నీ పదేళ్లపాటు నోటుపుస్తకాల్లో రాసుకుని, అర్థం కానివి మళ్లీ మళ్లీ అడిగి ఆయన ప్రాణం తీసి, నలభై రెండు పాఠాలు తయారుచేశాను. వాటికి మా అమ్మాయి వెబ్‌సైటు కట్టింది. అది కంప్యూటర్ల చదువు చదువుతోంది. నోరు మూతపడదని దాన్ని అందరం చిలక అంటాం. సైటు మొదటి పేజీలో మామయ్య ఫొటో, దాని కింద ఆయన పేరు. నా పేరు ఎక్కడా లేదు, నాకక్కర్లేదు కూడా. ఆ విద్య ఆయనది.

ఈ ఏడాది మొదట్లో ఒక శిక్షణ సంస్థ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. చేతిపనులు నేర్చుకునేవాళ్ల కోసం పుస్తకాలు వేస్తున్నారట, వాచీల పని మీద కూడా ఒకటి వేస్తారట.

"మీ మామగారి పాఠాలు చూశామండీ, బాగున్నాయి. అయితే మీ వీధిలోనే ఇంకొకాయన కూడా పాఠాలిస్తానంటున్నారు. ఆయనకీ సైటుంది. ఎవరి పాఠాలు జనం నిజంగా చదువుతున్నారో చూసి, వాళ్ల పేరుతోనే పుస్తకం వేస్తాం. మూడు నెలల లెక్క పంపించండి" అంది.

ఆ ఇంకొకాయన ఎవరో ఆవిడ చెప్పక్కర్లేదు. పట్టకారు. మా ఎదురు కొట్టువాడు. ఆరేళ్లు మామయ్య దగ్గర పని నేర్చుకున్నాడు. సన్నగా, పొడుగ్గా, రెండు కాళ్ల మీద పట్టకారు నిలబెట్టినట్టుంటాడని అప్పట్లో నేనే పెట్టిన పేరు. నేర్చుకున్నవాడు ఊరికి ఆ చివర ఎక్కడో కొట్టు పెట్టుకోవచ్చు కదా? ఉహూ. సరిగ్గా మా కిటికీలోంచి వాడి బల్ల కనబడేలా పెట్టాడు. ఈమధ్య సాయంత్రాలు పదిమందికి క్లాసులు కూడా చెబుతున్నాడు. రోడ్డు మీద ఎదురైతే "బాగున్నారా వదినా?" అని పళ్లికిలిస్తాడు. నాకు ఒళ్లు మండిపోతుంది. మామయ్యనడిగితే "మంచివాడేనమ్మా, చేతిలో పనుంది" అంటారు. ఆయనకి అందరూ మంచివాళ్లే.

మామయ్య యాభై ఏళ్ల విద్య పుస్తకంగా వస్తే దాని అట్ట మీద పట్టకారు పేరుంటుందా? నా బొందిలో ప్రాణం ఉండగా ఉండనివ్వను. ఆ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి నాకు తిండి మీద, పని మీద ధ్యాస లేదు, ఇదొక్కటే పట్టుకుంది.

ఇంతకీ లెక్క ఎలా తేవాలి? ఆ ఆదివారం భోజనాల దగ్గర చిలక కంచం పక్కకి నెట్టి కంప్యూటర్ తెరిచింది. మూడు దారులున్నాయంది.

"మొదటిది, మన సైటుకి చోటిచ్చిన కంపెనీ వాళ్ల లెక్క. పేజీ ఎన్నిసార్లు తెరుచుకుంటే అన్నిసార్లూ రాసిపెడతారు. కొత్తగా చేయాల్సిందేమీ లేదు."

"ఎంతుందే?"

"నిన్న ఒక్కరోజే రెండువేల మూడొందలు."

నా మొహం ఇంతైంది. మా ఆయన కూడా "అబ్బో" అన్నాడు.

"ఆగండాగండి" అంది చిలక. "అందులో మనుషులెంతమందో తెలీదు. సైట్లన్నీ తిరిగి చూసిపోయే ప్రోగ్రాములుంటాయి. అవి వచ్చినా ఇది లెక్కేసేస్తుంది."

"అంటే కాకిలెక్కలన్నమాట. ముందే చెప్పొచ్చు కదే, ఊరికే ఆశపెట్టావు. చూస్తూ ఉండు, పట్టకారు ఈ లెక్కే పంపిస్తాడు."

"రెండోది ఒక పెద్ద కంపెనీది. ఊరికే ఇస్తారు. మన పేజీలో వాళ్ల కోడ్ ముక్క ఒకటి పెడితే చాలు, వచ్చినవాళ్లది ఏ ఊరు, ఫోనా కంప్యూటరా, ఏ పాఠం ఎంతసేపు చూశారు, మళ్లీ వచ్చారా, అన్నీ చెబుతుంది."

"ఊరికే ఎందుకిస్తాడూ? మనం వాడికి మేనత్త పిల్లలమా?"

"వచ్చినవాళ్ల సంగతులు వాళ్లకీ వెళతాయమ్మా. అదే వాళ్ల లాభం."

"చూశారా!" అని గరిటె పట్టుకునే లేచాను. "మన గడప తొక్కినవాళ్ల జేబులు వెతకడానికి వాడెవడు? సిగ్గుండక్కర్లేదూ? నాకొద్దు ఆ బోడి లెక్క."

"అందుకే నాకు మూడోది నచ్చింది" అంది చిలక. "వచ్చింది మనిషా కాదా అని చూసి, మనిషైతే ఏ పాఠానికొచ్చాడో ఆ పాఠం కింద ఒకటి వేసుకుంటుంది. అంతే. ఎవరో, ఎక్కడివాళ్లో దానికి తెలీదు. ఏదీ దాచుకోదు. సంస్థ వాళ్లకి కావలసిందీ అదేగా."

"ఒకట్లు వేసుకుంటూ పోతే ఆ వచ్చినవాళ్లు ఎవరో ఎట్లా తెలుస్తుంది? పట్టకారే రోజూ వచ్చిపోతున్నాడేమో!"

"వచ్చాడే అనుకో. మన లెక్కే కదా పెరిగేది?"

మాటల్లో ఓడిపోతే నాకు కోపం వస్తుంది. గిన్నెలు గట్టిగా సర్దడం మొదలుపెట్టాను. అప్పటిదాకా తన మానాన తింటున్న మామయ్య "లెక్కకి తలలు చాలు కదమ్మా, మొహాలెందుకు?" అన్నారు. చివరికి చిలకే తీర్పు చెప్పింది. రెండోదీ మూడోదీ ఓ నెల పక్కపక్కన పెట్టి చూద్దాం, నచ్చినది ఉంచుకుని మిగిలినది తీసేద్దాం అని.

గరిటె పట్టుకుని అంత ఎగిరిపడ్డానా, మూడు రోజులు తిరిగేసరికి ఆ రెండో లెక్క వదిలితే ఒట్టు. మూడోది రోజుకి నూటనలభై అని ఒక అంకె చెప్పి ఊరుకునేది. అందులో చూడ్డానికేముంది? రెండోది అలాక్కాదు. ఎక్కడో సముద్రం అవతల ఊళ్లో ఎవరో పన్నెండో పాఠం ఏడు నిమిషాలు చూశారు. ఇంకెవరో మూడో పాఠం తెరిచి రెండు క్షణాల్లో పారిపోయారు. ఎందుకు పారిపోయారు? నా రాత నచ్చలేదా? వాచీ చేతిలో పెట్టుకుని కూడా ఒక కన్ను ఆ తెర మీదే ఉండేది. చిలక "ఏమ్మా, జేబులు వెతకడం బాగుందా?" అని దెప్పింది. నోర్ముయ్యమన్నాను.

పదో రోజున ఇరవై ఏడో పాఠం నా కంటబడింది.

అది కీ ఇచ్చే పాత వాచీల పాఠం. మూత తీశాక లోపల ఏది ముందు విప్పాలి, ఏది తర్వాత విప్పాలి అనే వరస. ఇప్పుడు అందరివీ సెల్ వాచీలే కాబట్టి దాని జోలికెవరూ పోరు. అలాంటి పాఠానికి రోజుకి ఒక్కరు వస్తున్నారు. ఒకే ఒక్కరు, రోజూ ఆ ఒక్కరే. ఊరు చూస్తే మా ఊరే. టాబ్లెట్‌లో చూస్తున్నారు. ఉదయం తొమ్మిది దాటాక రావడం, పావుగంటో ఇరవై నిమిషాలో ఉండటం. ఆదివారం మాత్రం రావడం లేదు.

అప్పుడు టైము తొమ్మిదీ పది. మేము కొట్టు తలుపులు తీసి, బల్లలు తుడుచుకునే వేళ. మామయ్య మామూలుగానే వెనక గదిలో గుమ్మానికి తెర వేసుకుని టీ తాగుతూ వార్తలు చూసుకుంటున్నారు. నేను తలెత్తి కిటికీలోంచి చూశాను. రోడ్డుకవతల పట్టకారు తన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. చేతిలో టాబ్లెట్. తల వంచుకుని, పెదాలు కదుపుతూ చదువుతున్నాడు.

దొరికాడు దొంగ!

మామయ్యని పిలిచి చూపిద్దామనుకుని ఆగిపోయాను. ఆయన వాణ్ణే వెనకేసుకొస్తారు. సాయంత్రం చిలక వస్తే దాన్ని పట్టుకున్నాను.

"టాబ్లెట్లు ఈ ఊళ్లో వెయ్యి ఉంటాయమ్మా" అంది అది.

"ఇరవై ఏడో పాఠం అవసరం ఉన్నవాళ్లు వెయ్యిమంది ఉన్నారా? సాయంత్రం క్లాసులో అప్పజెప్పడానికి వాడు పొద్దున్నే బట్టీ కొడుతున్నాడే."

"ఆయనకి రాని పనా అది? తాతయ్య దగ్గరే నేర్చుకున్నాడుగా?"

"పని వచ్చు. మాట రాదు. చేత్తో చేసేది నోటితో చెప్పడానికి నాకు పదేళ్లు పట్టింది తెలుసా? ఆ మాటలు ఎత్తుకుపోతున్నాడు. రేపు అవే సంస్థ వాళ్లకి తన పేరుతో ఇచ్చేస్తాడు, ఎల్లుండి మనం మీ తాతయ్య పేరు ఎక్కడుందా అని వెతుక్కోవాలి."

చిలక నుదురు కొట్టుకుంది. "అమ్మా, నువ్వు ఇంక ఆ లెక్క చూడకు. నీకు పడదు" అని వెళ్లిపోయింది.

చూడకుండా ఎలా ఉంటాను? వారం రోజులు కళ్లలో వత్తులు వేసుకుని చూశాను. తొమ్మిది దాటగానే వాడు అక్కడ టాబ్లెట్ తీయడం, ఇక్కడ తెర మీద ఇరవై ఏడో పాఠం తెరుచుకోవడం. ఒకరోజు వాడికి జ్వరం వచ్చి కొట్టు తీయలేదు, అయినా పాఠం తెరుచుకుంది. ఇంట్లో పడుకుని చదువుతున్నాడనుకున్నాను. జ్వరంలో కూడా వదలడం లేదంటే ఎంత కక్కుర్తో చూడండి అని మా ఆయనకి చెప్పాను. మా ఆయన దుప్పటి ముసుగేసుకున్నాడు.

మామయ్య చిన్నప్పటి పనివాళ్లలో ఒక అలవాటు ఉండేదట. తాము రాసుకున్న కాగితాలు పక్కవాడు ఎత్తి రాసుకోకుండా, ఒక్కచోట కావాలనే తప్పు రాసుకునేవారట. రాసినవాడికి తెలుసు కాబట్టి వాడికేమీ కాదు. దొంగిలించినవాడు అదే తప్పుతో దొరికిపోతాడు. మామయ్యకి ఆ పద్ధతి నచ్చేది కాదు, అందుకే ఆయన కాగితాలే రాసుకోలేదు. నాకు మాత్రం ఇప్పుడది తెగ నచ్చింది.

తప్పు ఎక్కడ పెట్టాలా అని వెతుక్కోనక్కర్లేదు. వాచీలో స్క్రూలన్నీ ఎడమకి తిప్పితే ఊడతాయి. కీ ఇచ్చినప్పుడు తిరిగే పళ్లచక్రం ఒకటుంటుంది, దాని మీది స్క్రూ మాత్రం చాలా వాచీల్లో ఎదురు. కుడికి తిప్పితేనే ఊడుతుంది. తెలియక ఎడమకి తిప్పితే ఇంకా బిగుసుకుని, ఆవగింజలో సగం లేని దాని తల పుటుక్కున ఎగిరిపోతుంది. నా పాఠంలో "ఈ ఒక్కదాన్నీ కుడికి తిప్పాలి" అని ఉండేది. దాన్ని చెరిపి "దీన్ని కూడా ఎడమకే తిప్పాలి" అని రాశాను. పట్టకారు క్లాసులో అచ్చు కాగితాలు పంచుతాడని విన్నాను. ఆ కాగితం మీద ఎడమ అని కనబడితే చాలు, తీసుకెళ్లి సంస్థ ఆవిడ బల్ల మీద పెడతాను.

చిలకకి చెప్పలేదు. చెబితే "మిగతావాళ్లు చూస్తే?" అంటుంది. మిగతావాళ్లెవరు? ఆ పాఠానికి వచ్చేది ఒక్కడేనని దాని లెక్కే చెబుతోంది కదా. అలా అనుకునే నేను ధైర్యంగా రాశాను.

మూడోరోజు మధ్యాహ్నం పట్టకారు శిష్యురాలు ఒకామె మా కొట్టుకొచ్చింది. ఎదురుకొట్టు భోజనానికి మూశారట, వాచీ బెల్టుకి పిన్ను కావాలట. చంకలో క్లాసు ఫైలు ఉంది. నేను పిన్ను వెతుకుతున్నట్టు నటిస్తూ, "ఏమ్మా, కీ వాచీల దాకా వచ్చారా? ఏదీ చూడనీ" అని తియ్యగా అడిగి ఫైలు తీసుకున్నాను. కాగితం దొరికింది. అంతా పట్టకారు సొంత రాత, వాడి సొంత మాటలు, వాడి వంకర బొమ్మలు. ఆ స్క్రూ దగ్గర "కుడికి! జాగ్రత్త!" అని రాసి కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

ఇంకొకరైతే సిగ్గుపడి ఊరుకునేవారు. నేను అక్కడ నిలబడే "అమ్మో, కనిపెట్టేశాడు" అనుకున్నాను. తప్పు పసిగట్టి, దిద్దుకుని, మాటలు మార్చి మరీ రాశాడు, ఎంత టక్కరి! ఇంకో నాలుగురోజులు అలాగే ఉంచితే ఎక్కడో అక్కడ కాలు జారకపోడు. తెర మీద చూస్తే మర్నాడు కూడా తొమ్మిది దాటాక ఆ ఒక్కరూ వచ్చారు. ఆ రోజు ముప్పై నిమిషాలు ఉన్నారు. చూశావా, ఇంకా తంటాలు పడుతున్నాడని సంబరపడ్డాను.

గురువారం మా వీధి చివరుండే టీచరమ్మ, వాళ్లమ్మగారి వాచీ ఒకటి తెచ్చింది. కీ వాచీ. ఆవిడ చిన్నప్పుడు వాళ్లమ్మ దాని చప్పుడు చెవి దగ్గర పెట్టి నిద్రపుచ్చేదట. "మీరే చూడాలి తాతగారూ" అని మామయ్య చేతిలోనే పెట్టి వెళ్లింది. మామయ్య కంటికి భూతద్దం తగిలించుకుని మూత తీశారు. నేను ఇవతల ఒక గోడగడియారానికి సెల్ మారుస్తున్నాను.

పుటుక్కుమని వినిపించింది.

చాలా చిన్న చప్పుడు. మా పనిలో ఉన్నవాళ్లు దాన్ని ఎంత గోలలోనైనా పోల్చుకుంటారు. ఆ బల్ల దగ్గర నుంచి ఇరవై ఐదేళ్లలో నేనది ఒక్కసారి కూడా వినలేదు. తిరిగి చూస్తే మామయ్య రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"స్క్రూ తల ఎగిరిపోయిందమ్మా" అన్నారు.

నేను వెళ్లి చూశాను. పళ్లచక్రం మీది స్క్రూ. నా నోరు నా మాట విననే లేదు.

"ఇదేంటి మామయ్యా! ఎడమకి తిప్పారా? ఇది కుడికి కదా! నాకు నేర్పింది మీరే కదా!"

ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టారు. "చెయ్యి కుడికే పోయిందమ్మా. నేనే ఆపాను. పొద్దున నీ పాఠంలో చూశాను కదా, ఎడమకని ఉంది. మొన్న చూస్తే అట్లాగే ఉంది, నిన్న చూస్తే అట్లాగే ఉంది. ఎట్లా కుదురుతుందా అని అరగంట కూర్చున్నాను. నువ్వు ఏదైనా పదిసార్లు అడిగిగానీ రాసే మనిషివి కాదు. నీ రాతలో తప్పుండదు, నా చెయ్యే మర్చిపోతోందనుకున్నాను."

నాకు కాసేపు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒక్కసారే అర్థమైంది. అక్కడున్న ముక్కాలిపీట మీద కూలబడ్డాను.

"రోజూ తొమ్మిదింటికి చూసేది మీరా మామయ్యా?"

"చిలక ఇచ్చిన టాబ్లెట్ ఉంది కదమ్మా, దాంట్లో." ఆయన గొంతు తప్పు ఒప్పుకుంటున్నట్టు ఉంది. "పోయిన చలికాలం నుంచీ ఇట్లా అవుతోంది. మూత తీస్తాను, ముందేది, తర్వాతేది అన్న వరస చటుక్కున జారిపోతుంది. పొద్దున్నే నీ పాఠం ఒకసారి చదువుకుంటే ఆ పూటకి దారి కనబడుతుంది. ఎన్ని వాచీలైనా చేసేస్తాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెబితే ఇంకేముంది? ప్రతి వాచీకీ నా వెనక వచ్చి నిలబడతావు. బతికినన్నాళ్లూ ఈ బల్ల ముందు కూర్చోవాలని ఉందమ్మా, ఇంకేం లేదు."

నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకేడుస్తున్నావని ఆయనే నన్ను ఓదార్చబోయారు. అది మరీ భరించలేకపోయాను. మొత్తం చెప్పేశాను. సంస్థ, పట్టకారు, లెక్క, కావాలనే రాసిన తప్పు, ఆ కాగితం చూశాక కూడా మార్చకపోవడం, ఏదీ దాచలేదు. తిట్టండి మామయ్యా అన్నాను. ఆయన తిట్టలేదు. చాలాసేపు తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు.

"అయితే చెయ్యి కరెక్టేనన్నమాట" అని చిన్నగా నవ్వారు.

ఆ నవ్వు చూసి నా గుండెల మీద బండ దిగినట్టైంది. ఆయన ఎదురుగానే పాఠం దిద్దాను. సాయంత్రం చిలకకి కూడా చెప్పాను. అది అప్పటికప్పుడే ఆ రెండో లెక్క పీకిపారేసింది. మూడోది చాలు, తలలు చాలు అని నేనే అన్నాను. టీచరమ్మ వాచీకి సరిపోయే స్క్రూ పాడైన వాచీల డబ్బాలో దొరికింది. విరిగిన ముక్క తీసి, అన్నీ తుడిచి, ట్రేలో సర్ది మామయ్య బల్ల మీద పెట్టాను. గండం గడిచిందనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున మామయ్య వెనక గదిలోకి వెళ్లలేదు. తిన్నగా వచ్చి బల్ల ముందు కూర్చుని, భూతద్దం తగిలించుకుని, కొత్త స్క్రూని చేతిలోని చిన్న పట్టకారుతో తీసి పళ్లచక్రం మీద నిలబెట్టారు. ఎంత పొందిగ్గా నిలబెట్టారంటే నేను చేసినా అలా రాదు. స్క్రూడ్రైవర్ దాని మీద ఆనించారు. తిప్పలేదు. నేను నా పని చూసుకుంటున్నట్టు కూర్చున్నాను.

"ఎటు తిప్పాలమ్మా?"

విప్పడానికి కుడికైతే, బిగించడానికి ఎడమకి. నేను చెప్పాల్సిన మాట అదే. ఏం చేయను, నేను తప్పు రాసిన మాట కూడా అదే.

"ఎడమకి మామయ్యా" అన్నాను.

ఆయన భూతద్దం పైకెత్తి నా మొహంలోకి చూశారు. ఈ ఇంటికి వచ్చాక ఆయన నన్ను ఎప్పుడూ అలా చూడలేదు.

"నిజమేనా?"

"ఒట్టు మామయ్యా, నిజం. మీ చేతినే అడగండి. మీ చెయ్యి ఎటంటోంది?"

ఆయన చేతివైపు చూసుకున్నారు. "అది ఏమీ అనడం లేదమ్మా" అన్నారు.

వాచీని ట్రేతో సహా రెండు చేతుల్లోకి తీసుకుని లేచారు. చెప్పులు వేసుకున్నారు.

"ఎక్కడికి మామయ్యా?"

"వాణ్ణి అడిగొస్తాను" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. "వాడు నాకెప్పుడూ తప్పు చెప్పలేదు."

ట్రే కదలకుండా, అటూ ఇటూ చూసుకుంటూ మెల్లగా రోడ్డు దాటారు. పట్టకారు ఆయన్ని చూసి గబుక్కున లేచాడు. తన కుర్చీ తుడిచి ఆయన్ని కూర్చోబెట్టాడు, దీపం దగ్గరకి జరిపాడు, వంగి నిలబడి విన్నాడు. వాచీని మాత్రం ముట్టుకోలేదు. తన చూపుడువేలు గాలిలో పెట్టి ఎడమకి తిప్పి చూపించాడు. మామయ్య వెంటనే తల వంచి స్క్రూ తిప్పారు. నేను చెప్పిందీ ఎడమకే.